ఇంటి పన్ను నోటీసు మీద అనుమతి వివరం కూడా అచ్చువేయండి: విజయవాడ, గుంటూరు కమిషనర్లకు బహిరంగ లేఖ

విజయవాడ, గుంటూరు నగరపాలక సంస్థల కమిషనర్లకు, రెండు నగరాల పట్టణ ప్రణాళిక, రెవెన్యూ విభాగాల అధికారులకు నమస్కారం.

ఈ లేఖ రాస్తున్న మాలో ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లు, బ్యాంకుల తరఫున ఇళ్లు కొలిచి విలువ కట్టేవాళ్లు, దస్తావేజులు రాసేవాళ్లు ఉన్నారు. ఒక ఇల్లు చేతులు మారాలంటే దాని కాగితాలు మా అందరి దగ్గరికీ వస్తాయి. బేరం ఎక్కడ ఆగుతుందో మాకు తెలుసు. హక్కు పత్రాలన్నీ శుభ్రంగా ఉన్న ఇళ్లు కూడా, ప్లాను పాసైన తర్వాత డాబా మీద కలిపిన గది దగ్గరో, పక్క సందులోకి జరిపిన బాత్రూం దగ్గరో ఆగిపోతున్నాయి. ఇల్లు అమ్మి పిల్లకు పెళ్లి చేద్దామనో, ఆస్పత్రి ఖర్చుకు వాడుకుందామనో అనుకున్న కుటుంబాలు మూడు నెలల గడువు అగ్రిమెంటుతో నానా అవస్థా పడుతున్నాయి. ఇందులో యజమానుల తప్పుంది, కాదనడం లేదు. కానీ ఆ తప్పును ఏళ్ల తరబడి దాచి ఉంచుతున్నది మాత్రం మీ కార్యాలయంలో పన్ను వేసే విభాగానికీ ప్లాను పాస్ చేసే విభాగానికీ మధ్య ఉన్న ఖాళీ. దాన్ని పూడ్చమని అడగడానికే ఈ లేఖ.

అసలు ఏం జరుగుతుందో ముందు చెబుతాం. విజయవాడ పటమటలోనో, గుంటూరు కొరిటెపాడులోనో 200 గజాల స్థలంలో కింద ఒక పోర్షను, పైన ఒక పోర్షను వేసుకోవడానికి ప్లాను పాసవుతుంది. పై శ్లాబు పడ్డాక మెట్ల గది కాస్త పెద్దదవుతుంది. నాలుగైదేళ్లకు దాని పక్కన రేకుల షెడ్డు వస్తుంది. ఇంకొన్నాళ్లకు రేకులు పోయి శ్లాబు పడుతుంది, వంటగది, బాత్రూం కలుస్తాయి, అద్దెకు మనుషులు దిగుతారు. అప్పుడు రెవెన్యూ వాళ్లు వచ్చి కొలిచి, డాబా మీది ఆ అంతస్తుకూ పన్ను వేస్తారు. చట్టప్రకారం అది సరైన పనే. అనుమతి ఉన్నా లేకపోయినా భవనం ఉంటే పన్ను వేయాల్సిందే. అనుమతి లేని కట్టడానికి పన్ను మీద జరిమానా కూడా పడుతుంది: సెట్‌బ్యాక్ (ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీ) తేడా పది శాతం లోపుంటే పన్నులో 25 శాతం, అంతకు మించితే 50 శాతం, అనుమతి లేని అంతస్తుకూ అసలు ప్లానే లేని ఇంటికీ 100 శాతం.

ఈ జరిమానా కట్టినంత మాత్రాన కట్టడం సక్రమం కాదు. ఆ సంగతి మీకూ తెలుసు, మాకూ తెలుసు. ఇంటాయనకు మాత్రం తెలియదు. ఆయన చేతిలో ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు ఉంది, ఏటా కట్టిన రసీదులున్నాయి, పైఅంతస్తుకు వేరే కరెంటు మీటరుంది, కుళాయి ఉంది. ఇవన్నీ ప్రభుత్వం ఇచ్చినవే కదా, ఇంకేం కావాలి అంటాడు. ఆయన్ను తప్పుపట్టడం మాకు కష్టంగా ఉంది. రసీదులో ఎక్కడా 'ఈ ఇంటికి అనుమతి రెండు అంతస్తులకే' అన్న ఒక్క ముక్క ఉండదు మరి.

అమ్మకానికి పెట్టిన రోజున లెక్క మారుతుంది. బయానా పుచ్చుకుని అగ్రిమెంటు రాసుకుంటారు. కొనేవాళ్లు లోనుకు వెళతారు. బ్యాంకు న్యాయవాది లింకు డాక్యుమెంట్లు (పాత హక్కు దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్టులు చూపే పత్రం) చూసి సరే అంటాడు. తర్వాత విలువ కట్టే మనిషి ప్లాను కాపీ, టేపు పట్టుకుని ఇంటికి వస్తాడు. ముందు అంతస్తులు లెక్కపెడతాడు. తర్వాత నాలుగు వైపులా ఖాళీ కొలుస్తాడు. ప్లానులో పక్క సందు ఒక మీటరు అని ఉంటుంది. సైటులో ప్రహరీ నుంచి గోడకు కొలిస్తే 45 సెంటీమీటర్లు వస్తుంది. బాత్రూం రెండడుగులు బయటికి జరిగిందన్నమాట. దాని మీద, పై అంతస్తులో, వాష్ ఏరియా శ్లాబు మరో అడుగున్నర ముందుకు వచ్చి ప్రహరీ మీదికి తొంగిచూస్తుంటుంది. రిపోర్టులో రెండు గళ్లుంటాయి: ప్లాను ప్రకారం వైశాల్యం, సైటులో ఉన్న వైశాల్యం. బ్యాంకు లోను లెక్క మొదటి గడి మీదే నడుస్తుంది. తేడా ఎక్కువైతే ఫైలు వెనక్కి వస్తుంది. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలన్నది ఒక్కో బ్యాంకుకు ఒక్కో రకంగా ఉంటుంది.

ఉదాహరణకు బేరం కోటి ఇరవై లక్షలు అనుకోండి. అందులో డాబా మీద అనుమతి లేకుండా వేసిన అంతస్తు విలువ 15 లక్షలు. బ్యాంకు దాన్ని తీసేసి కోటీ అయిదు లక్షల మీదే లెక్క కడుతుంది. 75 లక్షలు దాటిన ఇంటి రుణాల్లో రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదు. కొనేవాళ్లు 90 లక్షలు వస్తాయనుకుంటే వచ్చేది 78 లక్షల 75 వేలు. మిగతా 11 లక్షల పాతిక వేలు గడువు లోపల ఎక్కడి నుంచి తేవాలి? తేలేకపోతే బయానా వెనక్కివ్వాలా వద్దా అన్న తగాదా మొదలవుతుంది. అగ్రిమెంటులో ఆ సంగతి రాసి ఉండదు, ఎందుకంటే రాసుకున్న రోజున ఇద్దరికీ దాని ఊసే లేదు.

2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత ఇది ఇంకా బిగుసుకుంది. కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఓసీ, అంటే ప్లాను ప్రకారం కట్టారని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) చూసుకున్నాకే బ్యాంకులు భవనం మీద రుణం ఇవ్వాలనీ, కరెంటు, నీళ్ల కనెక్షన్లు కూడా దాన్ని చూసే ఇవ్వాలనీ కోర్టు చెప్పింది. మన నగరాల్లో పాత ఇళ్లలో ఓసీ తీసుకున్నవి ఎన్ని? ప్లాను పాస్ చేయించుకోవడంతో పని అయిపోయిందనుకున్నవాళ్లే ఎక్కువ. పైగా చిన్న ఇళ్లను మినహాయిస్తే, అనుమతి ఇచ్చేటప్పుడు కట్టబోయే వైశాల్యంలో పది శాతాన్ని కార్పొరేషన్ తన పేరిట తాకట్టు పెట్టించుకునేది. ఓసీ వస్తేనే అది విడుదలవుతుంది. ఓసీ తీసుకోని ఇంట్లో ఆ తాకట్టు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, తీరా అమ్మబోయే రోజున బయటపడుతుంది.

అక్కడి నుంచి మొదలయ్యే అడ్డదారుల గురించి దస్తావేజులు రాసే మా వాళ్లు గట్టిగా చెప్పమన్నారు. డాబా మీది అంతస్తు ఊసెత్తకుండా 'స్థలమూ, రెండు అంతస్తుల డాబా ఇల్లూ' అని రాయమంటారు. రాస్తే ఏమవుతుంది? మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం. కట్టడాన్ని దాచితే తక్కువ కట్టినట్టే, తనిఖీలో తేలితే లోటు స్టాంపు డ్యూటీ కొన్నవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. అది ఒకటి. రెండోది ఇంకా పెద్ద చిక్కు: కొన్నవాళ్ల దస్తావేజులో లేని అంతస్తు వాళ్ల ఇంట్లో ఉంటుంది. రేపు వాళ్లు అమ్మబోతే ఆ అంతస్తు ఎవరిదని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. అలా దాచి రాసిన దస్తావేజు అమ్మినవాళ్లను కూడా కాపాడదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనిపెట్టలేని లోపం ఆస్తిలో గానీ హక్కులో గానీ ఉంటే అమ్మేవాళ్లే చెప్పాలి.

అపార్టుమెంట్ల డాబా మీద పెంట్‌హౌస్‌ల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. డాబా అందరిదీ. దాని మీద కట్టిన గదికి ప్లానులో చోటూ లేదు, స్థలంలో అవిభాజ్య వాటా లెక్కా తేలదు. స్టిల్టులో (భవనం కింద పిల్లర్ల మధ్య వదిలిన చోటు) పార్కింగు మూసేసి కట్టిన గదులూ, కొట్లూ అంతే.

కొందరు బీపీఎస్ (అనుమతి లేని కట్టడాలను రుసుముతో క్రమబద్ధం చేసే ప్రభుత్వ పథకం) వచ్చినప్పుడు చూసుకుందాంలే అని ధీమాగా కడుతున్నారు. 2007లో వచ్చింది, 2015లో వచ్చింది, 2019లో వచ్చింది, 2025లో వచ్చింది, మళ్లీ రాకపోతుందా అని మేస్త్రీలే భరోసా ఇస్తున్నారు. ప్రతి పథకానికీ ఒక కటాఫ్ తేదీ ఉంటుందని, ఆ తేదీ తర్వాత కట్టినదానికి అది వర్తించదని వాళ్లు చెప్పరు. ప్రభుత్వ స్థలం, చెరువు స్థలం, లేఅవుటు ఖాళీ స్థలం, మాస్టర్ ప్లాను రోడ్డులో పోయే భాగం, ప్లానులో పార్కింగుకు చూపిన చోటు, వీటిలో కట్టినవాటికి బీపీఎస్ లేదు. దరఖాస్తు పెట్టి మొదటి రుసుము కట్టిన రసీదునే బీపీఎస్ అయినట్టు చూపించేవాళ్లనూ చూస్తున్నాం. బ్యాంకుకు కావాల్సింది ఆ రసీదు కాదు, తుది ఉత్తర్వు (ప్రొసీడింగ్స్).

కాగితాల సంగతి ఇలా ఉంటే, ప్లాను లేకుండా పైకి లేపే అంతస్తులో అసలు భయపడాల్సింది ఇంకొకటుంది. మన రెండు నగరాలూ భూకంప ముప్పు ఉన్న ప్రాంతంలోనే ఉన్నాయి. గుంటూరు చుట్టూ నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది. పాత ఇళ్లలో తొమ్మిదంగుళాల పిల్లర్లు, ఒక్కోదాంట్లో నాలుగు 12 ఎం.ఎం. ఊచలు, రెండు అంతస్తుల బరువుకు తగ్గ పునాదులు. వంద చదరపు అడుగుల అయిదంగుళాల శ్లాబు ఒక్కటే దాదాపు మూడు టన్నులు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు ఉన్న నాలుగున్నర అంగుళాల గోడ రెండు టన్నుల వరకు తూగుతుంది. ఆ గోడను కింద బీము లేని చోట, ఉత్త శ్లాబు మీద పెట్టేస్తారు. కొన్నాళ్లకు కింది గది సీలింగులో సన్నటి గీత వస్తుంది, వానాకాలంలో అందులోంచి చెమ్మ దిగుతుంది, ఊచ తుప్పు పట్టి పెచ్చులూడతాయి. భవిష్యత్తులో పైకి వేసుకోవచ్చని డాబా మీద వదిలేసిన పిల్లర్ ఊచల్ని చూడండి: ఏళ్ల తరబడి వానకు నాని పొరలు పొరలుగా ఊడుతుంటాయి. 12 ఎం.ఎం. ఊచకు ఊచ కలపాలంటే సుమారు రెండడుగుల ల్యాప్ (రెండు ఊచలూ పక్కపక్కన కలిసి ఉండాల్సిన పొడవు) కావాలి. వదిలింది అడుగే అయితే మేస్త్రీ ఆ అడుగుకే కట్టుతీగ చుట్టి కాంక్రీటు పోసేస్తాడు. ప్లాస్టరింగ్ అయ్యాక ఎవరికీ కనిపించదు. పై అంతస్తుకు ప్లాను పాస్ చేయించుకోవడం అంటే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు పునాదులు, పిల్లర్లు పరీక్షించి, రీబౌండ్ హ్యామర్‌తోనూ (కాంక్రీటు గట్టిదనం చూసే పరికరం), అవసరమైతే కోర్ (కాంక్రీటు ముక్క) తొలిచి తీసి కూడా కాంక్రీటు బలం చూసి సంతకం పెట్టడం. ఇంటి మీదికి ఇల్లు ఎక్కించే ముందు ఆ సంతకం ఉండాలని మేము కోరుకునేది ముందుగా అందుకే.

అయితే కట్టేవాళ్లందరూ అత్యాశతో కట్టడం లేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్, పాయకాపురం వైపు కింది అంతస్తులు మునిగినప్పుడు డాబా ఉన్నవాళ్లు దాని మీదికెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాత పైన ఒక గది ఉండాలి అనుకోవడం అత్యాశ కాదు. అలాంటి కుటుంబం సక్రమంగా అనుమతి అడిగితే ఏం జరుగుతుందో చూడండి. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, పన్ను బకాయి లేని రసీదు, స్ట్రక్చరల్ సర్టిఫికెట్, ఇంతవరకు సరే. పాత ప్లాను కాపీ తెమ్మంటారు. ఇంట్లో ఉండదు, వరదలో పోయింది. ఆఫీసులో అడిగితే పాత రికార్డులో వెతకాలంటారు. స్థలం అనుమతి లేని లేఅవుటులో ఉంటే, ఎల్ఆర్ఎస్ (లేఅవుటు క్రమబద్ధీకరణ రుసుము) కట్టి ఉండకపోతే, స్థలం విలువలో కొంత శాతం ఓపెన్ స్పేస్ చార్జీ ముందుకొస్తుంది. రోడ్డు వెడల్పులో ముందు భాగం పోతుంటే దాన్ని కార్పొరేషన్‌కు ఇస్తూ గిఫ్టు డీడు. ఒక్క గది కోసం ఇంత తతంగం ఎవరు పడతారు? వార్డు ప్లానింగ్ కార్యదర్శి వచ్చి ఆపే లోపు శ్లాబు వేసేద్దాం అన్న ఆలోచన అక్కడే పుడుతోంది. ఆదివారం రాత్రి శ్లాబులు పడుతున్నది ఊరికే కాదు.

గుంటూరు నగరపాలక సంస్థలో 2012లో కలిసిన గోరంట్ల, నల్లపాడు, రెడ్డిపాలెం లాంటి ఊళ్లలో ఇంకో చిక్కుంది. అక్కడి పాత ఇళ్లకు పంచాయతీ ఇచ్చిన అనుమతులున్నాయి. పంచాయతీ రికార్డు ఎక్కడుందో, ఎంత వరకు ఉందో ఇప్పుడు చెప్పేవాళ్లు లేరు. కొన్ని ఫైళ్లు అప్పటి వీజీటీఎం ఉడాలో (విజయవాడ, గుంటూరు, తెనాలి, మంగళగిరి పట్టణాభివృద్ధి సంస్థ) నడిచాయి, ఉడా పోయి సీఆర్డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) వచ్చింది. నిజంగా అనుమతి తీసుకుని కట్టినవాళ్లు కూడా కాగితం చూపించలేక అనుమతి లేనివాళ్ల వరుసలో నిలబడుతున్నారు. ఇది మమ్మల్ని ఎక్కువ బాధించే విషయం.

అందుకని మీరు చేయగలిగినవి, కొత్త చట్టం అక్కర్లేనివి, కొన్ని అడుగుతున్నాం.

అసెస్‌మెంట్ నంబరును ప్లాను నంబరుతో కలపండి. పన్ను డిమాండు నోటీసు మీద పన్ను వేసిన వైశాల్యం పక్కనే అనుమతి ఉన్న అంతస్తులు, వైశాల్యం, ప్లాను నంబరు, ఓసీ ఉందా లేదా అన్నది అచ్చువేయండి. అనుమతి రికార్డు దొరకకపోతే 'రికార్డు దొరకలేదు' అనే వేయండి. 'అనుమతి లేదు' అని మాత్రం వేయకండి, ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. అనధికార నిర్మాణ జరిమానా వసూలు చేస్తున్నప్పుడు దాని కిందే, తెలుగులో, కనిపించే అక్షరాల్లో 'ఈ జరిమానా చెల్లింపుతో నిర్మాణం క్రమబద్ధం కాదు' అని రాయండి.

ఆన్‌లైన్ అనుమతులు రాకముందు ఇచ్చిన పాత ప్లాన్లను స్కాన్ చేయించి, రుసుము కట్టినవాళ్లకు ధ్రువీకరించిన కాపీ ఇవ్వండి. ఇప్పుడు సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు ఆగాల్సి వస్తోంది. మూడు నెలల అగ్రిమెంటులో అది ఒక నెల. కాపీ లేకపోతే లేదని రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ ఒక్క కాగితం ఉంటే మేము బ్యాంకుతో మాట్లాడగలం.

ముందు వైపు తప్ప మిగతా వైపుల సెట్‌బ్యాక్‌లో పది శాతం లోపు తేడా ఉన్నా జరిమానాతో ఓసీ ఇచ్చే వీలు నిబంధనల్లోనే ఉంది. మీటరు సందులో అది పది సెంటీమీటర్లు, అంటే దాదాపు ఒక నాలుగున్నర అంగుళాల గోడ మందం. ఈ వీలు ఉన్నట్టు చాలామందికి తెలియదు. పాత ఇళ్లకు కూడా ఏ రోజైనా దరఖాస్తు పెట్టుకునేలా, అమ్మకానికి ముందు కొలిపించుకునేలా ఒక కౌంటరు పెట్టండి. కొలిచిన రిపోర్టు యజమానికి ఇవ్వండి. నిబంధనల్లో ఇమిడే అదనపు గదికి సవరించిన ప్లాను పాస్ చేయడానికి ఒక గడువు ప్రకటించండి. బీపీఎస్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసే అవసరం చాలా ఇళ్లకు అక్కడే తీరిపోతుంది.

అనుమతి లేని కట్టడాలపై మున్సిపల్ కార్పొరేషన్ చట్టం 452, 636 సెక్షన్ల కింద మీరిచ్చిన నోటీసులు, వాటి మీద కోర్టు స్టే ఉంటే ఆ వివరం అసెస్‌మెంట్ నంబరు కొడితే కనపడేలా పెట్టండి. ఇప్పుడు నోటీసు అందుకున్నవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి ఇల్లు అమ్మేస్తున్నారు. కూల్చివేత మనుషులు వచ్చేది కొన్నవాళ్ల ఇంటికి.

మాఫీ చేయమని మేము అడగడం లేదు. స్టిల్టులో కొట్లను, రోడ్డు మీదికి వచ్చిన మెట్లను, పక్కింటి గాలీ వెలుతురూ మూసేసిన గోడలను క్రమబద్ధం చేయొద్దు. ఫైరింజన్ పోలేని సందులు మనకు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి.

ఈ లేఖ చదివే ఇళ్ల యజమానులకు కూడా ఒక మాట. అమ్మకం బోర్డు పెట్టడానికి ఆరు నెలల ముందే ప్లాను కాపీ తెచ్చుకుని, లైసెన్సున్న టెక్నికల్ పర్సన్‌తో ఇల్లు కొలిపించండి. తేడాల్ని మూడు రకాలుగా విడదీయండి. రేకుల షెడ్డు, సందులో వేసిన కప్పు, బాల్కనీకి కట్టిన గోడ లాంటివి తీసేయొచ్చు. బ్యాంకు మనిషి రాకముందే తీసేయండి. నిబంధనల్లో ఇమిడేదానికి సవరించిన ప్లాను, ఓసీ తెచ్చుకోండి. ఈ రెండింట్లోకీ రానిదాన్ని దాచొద్దు. ఫలానా అంతస్తుకు అనుమతి లేదని, ఆ సంగతి తెలిసే కొంటున్నారని, బ్యాంకు ఆ కారణంగా లోను తగ్గిస్తే ఎన్నాళ్ల గడువు ఇస్తారో, బయానా ఏమవుతుందో అగ్రిమెంటులో రాయించండి. ధర కొంత తగ్గుతుంది, నిజమే. కోర్టు మెట్లెక్కే ఖర్చుతో పోలిస్తే అది తక్కువ. కొనేవాళ్లయితే పన్ను రసీదు చూసి బయానా ఇవ్వకండి. ప్లాను చేత్తో పట్టుకుని, ఇంటి చుట్టూ తిరిగి, అంతస్తులు లెక్కపెట్టి, ఓసీ అడిగి అప్పుడివ్వండి. సున్నం, రంగులు, టైల్స్, తలుపులు, కిటికీ రెక్కలు మార్చుకోవడం లాంటి పనులకు అనుమతి అక్కర్లేదు, వాటి గురించి కంగారు పడనక్కర్లేదు. పిల్లర్, బీము, బరువు మోసే గోడ ముట్టుకున్నా, వైశాల్యం పెంచినా, సందు తగ్గించినా మాత్రం అనుమతి కావాలి.

కమిషనర్ గార్లకు చివరిగా. పైన అడిగిన వాటిలో పాత ప్లాన్ల స్కానింగుకు డబ్బూ మనుషులూ కావాలి, కాస్త సమయం పడుతుందని మాకు తెలుసు. డిమాండు నోటీసులో అనుమతి గడి చేర్చడానికి అంత పని లేదు. ఆన్‌లైన్‌లో పాసైన ప్లాన్లన్నీ మీ సర్వర్లలోనే ఉన్నాయి. ముందు వాటికే మొదలుపెట్టండి. ఇంటి పన్ను అర్ధ సంవత్సరానికోసారి డిమాండు చేస్తారు కాబట్టి, వచ్చే ఏప్రిల్ లేదా అక్టోబరు, ఏది ముందొస్తే ఆ నోటీసుల్లోనే ఆ గడి కనపడేలా ఆదేశాలివ్వాలని కోరుతున్నాం. నమూనా తయారు చేయడానికి, పాత ప్లాన్లను అసెస్‌మెంట్లతో సరిచూడడానికి మా వాళ్లు రుసుము లేకుండా వచ్చి పనిచేస్తారు. ఎప్పుడు, ఏ కార్యాలయానికి రావాలో చెప్పండి.

ఇట్లు
విజయవాడ, గుంటూరు నగరాల్లో ప్లాన్లు గీసే, ఇళ్లు కొలిచే, దస్తావేజులు రాసే కొందరం